హోల్డ్‌లో ఉన్న గొంతు

మణి ఆ రేడియో స్టేషన్‌లో చేరింది ముందు గదిలో కూర్చుని ఉత్తరాలు విడదీయడానికి. అది 1986. అరిజోనాలో చాండ్లర్ ఊరి చివర, టైర్ల షాపు వెనకున్న చిన్న స్టేషన్. భర్త సత్యానందం అదే ఊళ్లో కంప్యూటర్ చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజినీరు. కూతురు ఉషని కిండర్‌గార్టెన్‌లో వేశాక, పగలంతా ఇంట్లో ఒక్కతే కూర్చోలేక మణి ఆ ఉద్యోగం చూసుకుంది. రేపల్లె మిషన్ స్కూల్లో ఆరేళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పిన మనిషి. తన ఇంగ్లీషు ఇక్కడివాళ్లకి ఒక పట్టాన అర్థం కాదని వచ్చిన కొత్తలోనే తెలిసింది. వాళ్లు మాట్లాడేది మాత్రం ఆమెకి ఒక్క ముక్క పొల్లుపోకుండా అర్థమయ్యేది. ఒకసారి విన్న గొంతుని మళ్లీ మర్చిపోయేది కాదు.

ఆ చెవిని చూసే, అక్కడ పొద్దుటి చర్చా ప్రోగ్రాం నడిపే డేల్ ప్రిచర్డ్ ఆమెని ఫోన్ల దగ్గరికి మార్చాడు. రోజూ తొమ్మిది నుంచి పన్నెండు దాకా డేల్ మాట్లాడేవాడు. పన్నులు, సుప్రీంకోర్టు, స్కూళ్లలో ప్రార్థన, జెండా, రష్యా, పిల్లల పెంపకం, ఏదైనా సరే. జనం ఫోన్ చేసి అతనితో వాదించేవాళ్లు, లేదా ఔనౌననేవాళ్లు. మణి బల్ల మీద ఆరు బటన్లున్న ఫోను. బటన్ వెలిగితే ఎత్తి పేరు, ఊరు, ఏం మాట్లాడతారో అడిగి, అట్ట ముక్క మీద రాసి, ఇద్దరి మధ్య ఉన్న అద్దానికి ఆనించి చూపించాలి. అతను వేలితో సైగ చేస్తే ఆ లైను ప్రసారంలోకి వెళ్తుంది. మిగతావాళ్లు వరస వచ్చేదాకా హోల్డ్‌లో ఆమెతో ఉంటారు.

డేల్‌కి నియమాలు రెండే. తాగినవాళ్లనీ బూతులు మాట్లాడేవాళ్లనీ తప్ప ఎవర్నీ ఆపకూడదు, తనని తిట్టేవాళ్లని ముందు పంపాలి. రెండోది, హోల్డ్‌లో మనిషి చెప్పుకున్నది హోల్డ్‌లోనే ఉండిపోవాలి. ఆ మాట అతను రోజూ ప్రోగ్రాం మొదట్లో శ్రోతలకి కూడా చెప్పేవాడు. మణికి డేల్ అంటే గౌరవం. ప్రార్థన లేకుండా బడి మొదలవడమేమిటో ఆమెకి ఈ దేశం వచ్చేదాకా తెలియదు. అతను చెప్పే చాలా మాటలు ఆమె మనసులో ఉన్నవే. నెలకోసారి జోసఫ్ గారింట్లో జరిగే తెలుగు కూడికలో కూడా డేల్ ప్రోగ్రాం గురించి మాట్లాడుకునేవాళ్లు. సత్యానందం షిఫ్టు మధ్యాహ్నం కాబట్టి కార్‌లో వెళ్తూ వినేవాడు.

ఎవరెట్ అనే ఆయన మంగళవారం, శుక్రవారం తప్పకుండా ఫోన్ చేసేవాడు. రిటైరైన సర్వేయరు, భార్య పోయింది. మెత్తటి గొంతు, తొందర లేని మాట. మణి యాస విని కొందరు విసుక్కునేవాళ్లు. ఈయన ఎప్పుడూ విసుక్కోలేదు. ఏ చర్చికి వెళ్తావని అడిగాడు, లూథరన్ అని చెబితే సంతోషించాడు. ఒకసారి భూమి హక్కుల మీద ఆయన చెప్పింది నచ్చి, డేల్ మర్నాడు తనే ఫోన్ చేసి అరగంట మాట్లాడించాడు. అందుకోసం ఆయన నంబరు మణి దగ్గర రాసి ఉంది.

1987 ఆగస్టులో వాషింగ్టన్‌లో ఒక పాత నియమం ఎత్తేశారు. రేడియోలో ఒక పక్షం మాట వినిపిస్తే రెండో పక్షానికీ చోటివ్వాలన్న నియమం అది. డేల్ ఆ రోజు కేక్ తెప్పించాడు. రెండో పక్షాన్ని తను ఎప్పుడూ ఆపలేదనీ, ఎవర్ని మాట్లాడించాలో ప్రభుత్వం చెప్పడమే తనకి గిట్టదనీ అన్నాడు. ఆ తర్వాత ఫోన్లు రెట్టింపయ్యాయి. జనం గొంతులో వేడి కూడా పెరిగింది.

అదే నెలాఖరులో అక్కడి స్కూల్ బోర్డుకి సలహాలిచ్చే లాయరు హెలెన్ కార్వర్ ఒక ఉత్తరం రాసింది. ఫుట్‌బాల్ ఆటకి ముందు మైకులో ప్రార్థన చేయించడం చట్టం ముందు నిలవదు, ఆపడం మంచిది అని. మూడు వారాలు డేల్ ప్రోగ్రాం అంతా ఆ ఉత్తరం మీదే నడిచింది. ఆవిడని కూడా వచ్చి మాట్లాడమని డేల్ రెండుసార్లు పిలిచాడు, ఆవిడ రానంది. మణికి కూడా ఆ ఉత్తరం బాధ కలిగించింది. మైకులో నాలుగు మాటలు చెప్పుకుంటే ఎవరికి నష్టమని సత్యానందంతో అంది.

సెప్టెంబర్ రెండో మంగళవారం ఎవరెట్ మూడో లైన్‌లో హోల్డ్‌లో ఉన్నాడు. ఆయన కంటే ముందు ఇద్దరున్నారు. ఎండ గురించి ఏదో అన్నాడు. తర్వాత అదే గొంతుతో, అదే నిదానంతో కార్వర్ గురించి చెప్పడం మొదలుపెట్టాడు.

"ఆవిడ పొద్దున ఆరున్నరకి గులాబీలకి నీళ్లు పెడుతుంది," అన్నాడు. "నీలం గేటు పక్కన. వీధి వైపు వీపు పెట్టి నిలబడుతుంది. చెవులు కూడా సరిగా వినపడవు. వెనక ఎవరొచ్చినా తెలియదు."

మణి చేతిలో పెన్ను ఆగిపోయింది. మీకెలా తెలుసని అడిగింది.

"చూస్తాను కాబట్టి," అన్నాడాయన.

అప్పుడే డేల్ సైగ చేశాడు. ఆమె వేలు అలవాటుగా బటన్ నొక్కింది. ప్రసారంలో ఎవరెట్ మనస్సాక్షి గురించీ, ఈ దేశాన్ని స్థాపించినవాళ్ల గురించీ ఎంతో మర్యాదగా మాట్లాడాడు. ఒక్క పరుష వాక్యం లేదు. డేల్ ఆయనకి ధన్యవాదాలు చెప్పాడు.

ప్రసారమైన మాటలన్నీ టేపులో ఉంటాయి. హోల్డ్‌లో అన్న మాటలు ఎక్కడా ఉండవు, విన్నవాళ్ల చెవిలో తప్ప. ఆ మధ్యాహ్నమంతా మణి తనని తాను దబాయించుకుంది. రేపల్లెలో అరుగు మీద కూర్చున్న ముసలాయన ఎవరైనా సరే, వీధిలో ఎవరు ఎన్నింటికి నీళ్లకి వెళ్తారో, ఎవరింటికి ఎవరొచ్చారో చెప్పగలడు. దాన్ని ఎవరూ బెదిరింపు అనరు. కాని ఏ ముసలాయనా వెనక ఎవరొచ్చినా తెలియదని అనడు. ఆ ఒక్క మాట దగ్గరికొచ్చేసరికి ఆ దబాయింపు ఆగిపోయేది.

మర్నాడు డేల్‌కి చెప్పింది. అతను కాఫీ పక్కన పెట్టి విన్నాడు.

"చంపుతానన్నాడా?"

"లేదు."

"కొడతానన్నాడా?"

"లేదు."

"మరి నువ్వు పోలీసులకి ఏం చెప్తావు?"

"వెనక ఎవరొచ్చినా తెలియదన్నాడని చెప్తాను."

 అది తనకీ నచ్చలేదని డేల్ ఒప్పుకున్నాడు. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని, చిన్నపిల్లకి చెప్పినట్టు కాకుండా, సమానమైన మనిషికి చెప్పినట్టు చెప్పాడు. ఈ దేశంలో మాటకి శిక్ష లేదు, నేరుగా బెదిరిస్తే తప్ప. మన దగ్గర చెప్పుకున్న మాటలు మనం పోలీసులకి అందించడం మొదలుపెడితే, మనమంటే పడనివాళ్లు అధికారంలోకి వచ్చిన రోజున అవే మాటలు మన దగ్గర్నుంచి లాక్కుంటారు. పైగా నోరు మూయించిన మనిషి ఇంటికెళ్లి ఊరుకోడు, మాట్లాడనిస్తేనే చల్లబడతాడు. ఎవరెట్‌ని మాట్లాడించడమే ఆవిడకి క్షేమం. అతను నమ్మే చెబుతున్నాడని మణికి తెలుసు. అయినా బయటికొచ్చాక కూడా ఆ ఒక్క మాట ఆమెని వదల్లేదు.

ఇంట్లో చెబితే సత్యానందం ఇంకో రకంగా భయపడ్డాడు. వాళ్ల సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ అక్టోబర్‌లో ఉంది. "పోలీస్ రిపోర్ట్‌లో నీ పేరెందుకు, మణీ? వాళ్ల గొడవ వాళ్లది. ఇంకో నెల రోజులు ఊరుకో," అన్నాడు. ఆమె సరేనంది.

శుక్రవారం ఎవరెట్ మళ్లీ చేశాడు. మణి పేరూ ఊరూ అడిగి ఇంకేమీ మాట్లాడలేదు. ఆయన అది గమనించాడు.

"ఇవాళ నీకు నాతో మాట్లాడటం ఇష్టం లేనట్టుంది," అన్నాడు. ఆమె పనెక్కువగా ఉందని చెప్పింది. ఆయన, "ఆ గోధుమరంగు డాట్సన్ కారు నీదే కదా? వెనక సీట్లో బొమ్మలు పడి ఉంటాయి. నీకు పాపా, బాబా?" అని అడిగాడు.

ఆమె ఏమీ చెప్పకుండా హోల్డ్ నొక్కింది. ఆయన పేరుతో అట్ట రాయలేదు. మూడో బటన్ ఆరిపోతూ వెలుగుతూ ఉంది. మిగతా లైన్లు వచ్చాయి, పోయాయి. ఆ ఒక్కటీ నలభై నిమిషాలు అలాగే మిణుకుమంది. ఆయన ఫోన్ పెట్టేయలేదు, ప్రోగ్రాం వింటూ అక్కడే కూర్చున్నాడు. పన్నెండుకి పది నిమిషాలుందనగా దీపం ఆరింది.

ఆ రోజు నుంచి మణి కారుని మూడు వీధుల అవతల కిరాణా షాపు పార్కింగ్‌లో పెట్టి, ఆ ఎండలో నడిచి వచ్చేది. ఉషని తీసుకురావడానికి కార్‌లో కూర్చుని ఎదురుచూడటం మానేసి క్లాసు గుమ్మం దాకా వెళ్లేది. రోజుకో దారిలో ఇంటికి వెళ్లేది. ఏ తెల్ల ముసలాయన టోపీ పెట్టుకుని కనబడినా ఇతనేనేమో అనుకునేది. అదే ఆమెకి అన్నిటికంటే కష్టమైంది. ఆయనకి ఆమె కారు తెలుసు, బిడ్డ ఉందని తెలుసు. ఆమెకి ఆయన ముఖం తెలియదు. బైబిల్ తెరిస్తే అక్షరాలు కనబడేవి గాని వాక్యం లోపలికి దిగేది కాదు. మోకరించి కళ్లు మూసుకుంటే నీలం గేటే కనబడేది. తన మీద కన్నుందని తనకి తెలుసు కాబట్టి తను జాగ్రత్త పడుతోంది. ఆ ముసలావిడ మాత్రం రోజూ వీధికి వీపు పెట్టి నిలబడుతూనే ఉంటుంది.

నాలుగో రోజు ఫోన్ పుస్తకంలో కార్వర్ పేరు వెతికింది. అడ్రసు అక్కడే ఉంది, ఎవరైనా చూడొచ్చు. తొమ్మిదింటి లోపు స్టేషన్‌కి చేరాలి కాబట్టి ఉషని స్కూల్లో దింపి నేరుగా అటు డ్రైవ్ చేసింది.

గేటు నిజంగానే నీలం. అంతవరకూ ఆమె మనసులో ఎక్కడో, ఆయన కల్పించి చెప్పి ఉంటాడన్న ఆశ ఉంది. అది పోయింది. కార్‌లోంచి దిగింది. వీధి రెండు చివర్లా చూసుకుంది. ఎవరూ లేరు. ఎదురింటి పరదాలు వేసి ఉన్నాయి.

హెలెన్ కార్వర్‌కి డెబ్భై దాకా ఉంటాయి. పొట్టిగా, నిటారుగా, చెవిలో మిషనుతో. రేడియో స్టేషన్ పేరు వినగానే తలుపు సగం మూసింది.

"మూడు వారాలుగా నన్ను తిడుతున్నారు. ఇప్పుడు ఇంటికి పంపారా?"

"ఎవరూ పంపలేదు. నేనొచ్చినట్టు వాళ్లకి తెలియదు," అంది మణి.  "మీ ఉత్తరం నాకూ నచ్చలేదు. స్కూల్లో ప్రార్థన ఉండాలనే నేనూ అనుకుంటాను. దానికోసం కాదు వచ్చింది."

ఆవిడ మణి ముఖం వంక చూసి లోపలికి రమ్మంది. మణి కూర్చోలేదు. నిలబడే విన్నది విన్నట్టు చెప్పింది. ఆరున్నర, గులాబీలు అన్నప్పుడు ఆవిడ మామూలుగానే వింది. చెవుల సంగతీ, వీపు సంగతీ వచ్చేసరికి మాత్రం ఆవిడ చెయ్యి వెళ్లి కుర్చీ వెన్ను పట్టుకుంది. కిటికీలోంచి గులాబీల వైపు ఒకసారి చూసింది. రంగు దిగిపోయిన ఆ ముఖం చూశాక, తను పిచ్చిగా భయపడలేదని మణికి మొదటిసారి అనిపించింది. ఊరట కలగలేదు. ఇంకా భయమేసింది.

"నా గురించి అతను ఏమైనా అనొచ్చు," అంది ఆవిడ చివరికి. "ముప్ఫై ఏళ్లు కోర్టుల్లో ఆ మాటే వాదించాను. మీ డేల్ ప్రిచర్డ్ హక్కు కోసం కూడా వాదిస్తాను. కాని నా వీపు చూస్తూ నిలబడటం మాట కాదు." ఆ మనిషి పేరు చెప్పమంది.

మణి పర్సులోంచి చీటీ తీసింది. ఎవరెట్ పేరు, ఆయన ఫోన్ నంబరు. చెమటకి సిరా కొంచెం పాకింది. ఇది ఇచ్చినందుకు నీ ఉద్యోగం పోవచ్చని ఆవిడ అంటే, తెలుసని చెప్పి వచ్చేసింది.

రెండు రోజుల తర్వాత కార్వర్ ఇచ్చిన ఫిర్యాదు మీద షెరిఫ్ ఆఫీసు పోలీసు డిప్యూటీ రేడియో స్టేషన్‌కి వచ్చాడు. ముందు గదిలో మణిని కూర్చోబెట్టి, ఆమె విన్నదంతా రాసుకున్నాడు. అతను చెప్పిందేమిటంటే, ఎవరెట్ ఇల్లు కార్వర్ ఇంటికి రెండు వీధుల వెనక. వాళ్లు వెళ్తే ఎదురు తిరగలేదు, లోపలికి పిలిచి మంచినీళ్లిచ్చాడు. వంటింటి బల్ల మీద ఒక నోట్‌బుక్ ఉంది. అందులో రోజువారీగా కార్వర్ ఎన్నింటికి బయటికొచ్చిందీ, ఎన్నింటికి కారు తీసిందీ, దీపాలు ఎప్పుడు ఆరిందీ రాసి ఉంది. చివరి పేజీలో స్టేషన్ పార్కింగ్‌లో ఉండే కార్ల నంబర్లున్నాయి. అందులో మణి కారు నంబరు కింద గీత గీసి ఉంది. గోడకి తుపాకీ ఉంది గాని, ఆ రాష్ట్రంలో అది లేని ఇల్లు తక్కువ. ఎందుకు రాశావంటే, సర్వేయర్ని, రాసుకోవడం అలవాటు, నా పుస్తకంలో నేను రాసుకోవడం కూడా తప్పేనా అన్నాడట.

"అరెస్ట్ చేశారా?" అని మణి అడిగింది.

"దేనికి చెయ్యమంటారు? చూడటానికీ రాసుకోవడానికీ వ్యతిరేకంగా చట్టమేమీ లేదు. గట్టిగా హెచ్చరించాం," అన్నాడతను. ఎవరు చెప్పారో ఆయనకి చెప్పారా అంటే, చెప్పలేదన్నాడు. కాని ఆయన ఊహించుకోలేనివాడు కాదని కూడా అన్నాడు.

డిప్యూటీ వెళ్లాక డేల్ తలుపు వేసుకుని ఆమెని కూర్చోమన్నాడు. కేకలు వెయ్యలేదు. వేసుంటే బాగుండేదని ఆమెకి అనిపించింది. నువ్వు చేసింది తప్పు కాకపోవచ్చు, కాని రోజూ పొద్దున వేలమందికి నేనిచ్చే మాట నువ్వు తప్పించావు, నాకు చెప్పకుండా తప్పించావు అన్నాడు. ఉద్యోగం తీసెయ్యలేదు. మళ్లీ ముందు గదిలో ఉత్తరాల దగ్గరికి పంపాడు. మర్నాడు ప్రసారంలో పేర్లు చెప్పకుండా జరిగింది చెప్పి, హోల్డ్‌లో చెప్పిన ఒక మాట బయటికి వెళ్లిందనీ, ఎందుకు వెళ్లిందో కూడా చెప్పి, క్షమించమని అడిగాడు. ఆ రోజు చాలామంది అతన్ని తిట్టారు. అందర్నీ ముందుగానే మాట్లాడనిచ్చాడు.

అక్టోబర్‌లో ఇంటర్వ్యూ పదిహేను నిమిషాల్లో అయిపోయింది. ఆఫీసరు నవ్వుతూ చేయి కలిపాడు. సత్యానందం ఆ సాయంత్రం మిఠాయి పెట్టె తెచ్చాడు. చూశావా, ఊరుకుంటే ఎంత హాయిగా అయిపోయిందో అన్నాడు. మణి తల ఊపింది. కార్వర్ ఇంటికి వెళ్లిన సంగతి అతనికి ఇంకా చెప్పలేదు.

డిసెంబర్‌లో ఒక శనివారం మధ్యాహ్నం ఉషని తీసుకుని సూపర్‌మార్కెట్‌కి వెళ్లింది. కౌంటర్ దగ్గర లైన్‌లో నిలబడి ఉండగా, ముందున్న మనిషి క్యాషియర్‌తో ఈ ఏడు చలి తొందరగా వచ్చిందన్నాడు. మెత్తగా, తొందర లేకుండా.

ఆ గొంతు ఎవరెట్‌దని మణికి వెంటనే తెలిసింది. చూస్తే సన్నగా, భుజాలు వంగిన మనిషి. ఇస్త్రీ చేసిన చొక్కా. బుట్టలో రొట్టె, పాలు, సూప్ డబ్బాలు. రోడ్డు మీద చూస్తే దారిచ్చే మనిషి. ఆయనకి తన ముఖం తెలుసో లేదో ఆమెకి తెలియదు. గొంతు మాత్రం తెలుసు. నోరు తెరవకూడదనుకుంది. లైన్‌లోంచి తప్పుకుందామంటే వెనక రెండు సామాను బండ్లు అడ్డం ఉన్నాయి.

"అమ్మా, ఈ చూయింగ్ గమ్ కావాలి నాకు," అంది ఉష. మణి వద్దన్నట్టు తలాడించింది. "ప్లీజ్ అమ్మా. ఒక్కటే. ఎందుకు మాట్లాడవు నువ్వు?"

ఆయన వెనక్కి తిరిగి పిల్లని చూసి నవ్వాడు. నీ పేరేమిటన్నాడు. ఉష చెప్పింది. ఎన్నేళ్లన్నాడు. ఆరంది. పిల్ల ఇంకో అడుగు ముందుకి వేసింది. ఇంక మణికి వేరే దారి లేకపోయింది.

"ఇలా రా, ఉషా. నా వెనక నిలబడు," అంది తెలుగులో, వీలైనంత చిన్నగా.

ఆయన అప్పుడు తలెత్తి మణి వైపు చూశాడు. లేత నీలం కళ్లు. చూపు కొంచెంసేపు ఆగింది. అది ఏ భాషని పిల్లనే అడిగాడు. తెలుగు అని ఉష చెప్పింది. ఎప్పుడూ వినలేదు, బాగుంది అన్నాడు. సంచి తీసుకుని, ఇద్దరికీ మర్యాదగా తల వంచి, బయటికి వెళ్లాడు. పోల్చుకున్నాడో లేదో ఆమెకి తెలియలేదు. ఆ తర్వాత కూడా ఎప్పటికీ తెలియలేదు. కౌంటర్ అమ్మాయి రెండుసార్లు పలకరించేదాకా సామాన్లు బయట పెట్టాలన్న ధ్యాస కూడా లేకపోయింది. ఆయన ఎక్కిన ట్రక్కు రోడ్డెక్కి, మలుపు తిరిగి, ఆ తర్వాత ఇరవై నిమిషాలయ్యేదాకా తలుపు దగ్గరే పిల్లని చంకనెత్తుకుని నిలబడింది.

ఇంటికెళ్లి సత్యానందానికి మొదటి నుంచీ అంతా చెప్పింది. చీటీ సంగతి, నోట్‌బుక్ సంగతి, నంబరు కింద గీసిన గీత. తిడతాడనుకుంది. అతను తిట్టలేదు.

"ఉషని ముట్టుకున్నాడా?"

"లేదండీ."

"ఇన్నాళ్లూ ఒక్కదానివే మోశావు," అన్నాడు. సోమవారం నుంచి తన షిఫ్టు మధ్యాహ్నమే అయినా పొద్దున్నే లేచి ఆమెని స్టేషన్ గుమ్మం దాకా దింపడం మొదలుపెట్టాడు. హెలెన్ కార్వర్‌కి ఫోన్ చేసి జాగ్రత్త చెప్పమన్నది కూడా అతనే. ఎవరెట్ వీధిలో రోజూ కనబడుతూనే ఉన్నాడనీ, టోపీ తీసి పలకరిస్తాడనీ, తను మాత్రం గులాబీల పని తోటమాలికి అప్పగించాననీ ఆవిడ చెప్పింది. ఆ మాట చెబుతున్నప్పుడు ఆవిడ గొంతులో సిగ్గు మణికి వినపడింది.

జనవరిలో డేల్ ఆమెని మళ్లీ పిలిచాడు. కొత్తగా పెట్టిన అమ్మాయికి గొంతులు తెలియడం లేదు, ఒకే మనిషి మూడు పేర్లతో వస్తున్నాడు. ఫోన్ల దగ్గరికి వస్తావా అన్నాడు.

"అలాంటి మాట ఇంకోసారి వింటే మళ్లీ చెప్తాను," అంది మణి.

"ముందు నాకు చెప్పు."

"చెప్తాను. మీరు ఏమీ చెయ్యకపోతే మళ్లీ నేనే వెళ్తాను."

డేల్ అద్దం అవతల ఖాళీగా ఉన్న కుర్చీ వంక చూసి సరేనన్నాడు. ఆ తర్వాత శ్రోతలకి రోజూ చెప్పే మాట కొంచెం మార్చాడు. మీరు హోల్డ్‌లో చెప్పింది ఇక్కడే ఉంటుంది, ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉంటే తప్ప అని. అది బలహీనమైన మాటని కొందరు శ్రోతలు దెప్పారు. అతను కాదనలేదు.

మొదటి వారం ప్రతి బటన్ నొక్కే ముందూ మణి ఆ గొంతే వస్తుందనుకుంది. ఎవరెట్ ఫోన్ చెయ్యలేదు. ఆ తర్వాతా చెయ్యలేదు. 1990లో సత్యానందానికి మిషిగన్‌లో ఉద్యోగం దొరికి అక్కడి నోవై ఊరికి వెళ్లిపోయేదాకా ఆమె ఆ పని చేసింది. భయం అరిగిపోయిందే గాని పోలేదు. మగ గొంతు ఏదైనా మెత్తగా గుడ్ మార్నింగ్ అంటే చాలు, పేరు రాసుకునే లోపే ఆమె కళ్లు కిటికీలోంచి పార్కింగ్ వైపు వెళ్లేవి.